మగ్గం దగ్గర కూచుండిపోయిన సుగుణ

మా ఎదురు ఫ్లాట్ అమ్మాయి నవల రాస్తోంది. ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలు ఆన్‌లైన్లో ఎవరో సార్ దగ్గర పాఠాలు వింటూ మరీ రాస్తోంది. మొన్న సాయంత్రం కరెంటు పోతే లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చింది. మా ఇంట్లో ఇన్వర్టరుంది, మా స్నేహానికి మూలం అదే. తెర మీద రంగురంగుల గళ్ళు చూపించింది. ఒక్కో గడిలో ఒక్కో అధ్యాయమట. పచ్చగడిలో కష్టాలు మొదలవుతాయి, నారింజ గడిలో ముదురుతాయి, అన్నిటికీ చివర ఒక ఎర్రగడి. "ఎండింగ్ ముందే ఫిక్స్ చేసేశానాంటీ. అది తెలీకుండా మొదటి లైను కూడా రాయకూడదంట" అంది. ఎర్రగడిలో ఏముందమ్మా అన్నాను. "హీరోయిన్ చనిపోతుందాంటీ" అంది, కాఫీలో చక్కెర సరిపోయిందన్నంత మామూలుగా. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, అక్కడ పనేమీ లేకపోయినా కాసేపు నిలబడ్డాను. పాపం, తన నవల నాకు నచ్చలేదనుకుని ఉంటుంది. నచ్చడం నచ్చకపోవడం కాదు, మా పిన్ని గుర్తొచ్చింది.

పిన్ని అంటే మా అమ్మ సొంత చెల్లెలు. దివిసీమలో కాలవ గట్టు మీదున్న ఒక ఊళ్ళో మిషన్ బడి టీచరు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదంటే మా చుట్టాల్లో ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పేవారు గాని, ఆవిడ మాత్రం "అడిగినాయన నాకు నచ్చలా, నచ్చినాయన నన్నడగలా" అని తేల్చేసేది. శనివారం బడి వదలగానే బస్సెక్కి భవానీపురంలో మా ఇంటికి వచ్చేది. ఆదివారం మాతోపాటు చర్చికొచ్చి, సోమవారం తెల్లారగట్ల బస్సుకి వెళ్ళిపోయేది. వచ్చేటప్పుడు సంచిలో రొయ్యలు తెచ్చేది, బస్సులో పక్కసీటువాళ్ళ తిట్లతో సహా. పెరట్లో కూచుని ఆ రొయ్యలు ఒలుస్తూ కథ చెప్పేది. రాసేది కాదు, చెప్పేది. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్న నేను ఎదురుగా పీటేసుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాసేదాన్ని. చేతిలో పని లేకపోతే ఆవిడ నోట్లోంచి కథ వచ్చేది కాదు. రొయ్యలైపోతే చింతపండులో గింజలు తీసేది, అదీ అయిపోతే మడతపెట్టిన దుప్పట్లే విప్పి మళ్ళీ మడతేసేది. తర్వాతేమవుతుంది పిన్నీ అని అడిగితే "నాకేం తెలుసే, ఆ పిల్ల ఇప్పుడేగా గుమ్మం దిగింది" అనేది. వంటింట్లోంచి అమ్మ "గుమ్మం దిగితే దిగింది, కాళ్ళకి చెప్పులేయించవే, ఎండ మాడ్చేస్తోంది" అని అరిచేది. పిన్ని వెంటనే ఆ పిల్లకి చెప్పులేయించేది. నేను వెనక్కెళ్ళి, గీతల మధ్య ఇరికించి చెప్పులు రాసేదాన్ని.

అవి డెబ్బైల్లో వారపత్రికల రోజులు. ఇళ్ళల్లో టీవీల్లేవు. పత్రిక వచ్చిన రోజున అక్కాచెల్లెళ్ళు దానికోసం జుట్లు పట్టుకునేవారు. పిన్ని కథలు కొన్ని అచ్చయ్యాక గాంధీనగరంలో ఉన్న ఒక పత్రిక ఎడిటరుగారు కబురు చేశారు. ప్రెస్సు పైన ఆఫీసు, చెక్కమెట్లెక్కుతుంటేనే సిరా వాసన ముక్కుకి తగిలేది. ఆయన మెత్తటి మనిషి, ఎవరినీ కాదనలేనప్పుడు బట్టతల నిమురుకునేవారు. సీరియల్ రాయమన్నారు. పిన్ని సంతోషం మెట్లు దిగేదాకా కూడా నిలవలేదు, ఎందుకంటే మొత్తం కథ ముందుగా రెండు పేజీల్లో రాసివ్వాలన్నారు. "మొత్తం కథ నాకే తెలీదు గదండీ" అంది పిన్ని. ఆయన తల నిమురుకుని, "మనకి తెలిసిన మాస్టారొకరున్నారమ్మా. ఆదివారాలు కథ రాయడం నేర్పుతారు. ఓసారి వెళ్ళి రండి" అన్నారు.

మాస్టారు రిటైరైన తెలుగు లెక్చరరు. గవర్నరుపేటలో ఒక ట్యుటోరియల్ కాలేజీ గదిలో, ఆదివారం మధ్యాహ్నాలు క్లాసు చెప్పేవారు. ఆయన గొంతెత్తితే కింద సైకిల్ షాపతను పంక్చరేయడం ఆపి పైకి చూసేవాడు. ఆయన చెప్పినవాటిలో తప్పులేమీ లేవు, ఆ మాట ఇప్పుడూ అంటాను. ఎత్తుగడ, సంఘర్షణ, పతాక సన్నివేశం, ముగింపు. బోర్డు మీద సుద్దముక్కతో ఒక కొండ గీసి, "పాఠకుణ్ణి ఇటునుంచి ఎక్కించి అటునుంచి దింపాలి, అదీ కథంటే" అనేవారు. మొదటి రోజే పిన్ని చెయ్యెత్తి, "మా వైపు కొండల్లేవండీ మాస్టారూ, అంతా పల్లమే. కాలవ ఎటు పోతే అటు పోతాం" అంది. క్లాసంతా గొల్లుమంది. మాస్టారూ నవ్వి, "మీ కాలవ ఎక్కడ తేలుతుందో తెలిసే గదమ్మా ఇంజనీరు తవ్వించాడు? ఊరికే తవ్వుకుంటూ పోలేదుగా?" అన్నారు.

మావాళ్ళకో జబ్బుంది. చేతిలో సుద్దముక్కతో బోర్డు ముందు నిలబడ్డ మనిషి ఏం చెప్పినా మాకది దైవవాక్కు. మా తాతయ్యని పరాయి పొలంలో కూలిపనిలోంచి లేపి చొక్కా తొడిగింది మిషన్ బడి, ఆ బడిలోని సుద్దముక్క. మా ఇంట్లో పాస్టరుగారి ప్రసంగానికైనా వంక పెట్టేవారేమోగాని, మాస్టారి పాఠానికి పెట్టేవారు కాదు. అందుకని పిన్ని ఎదురుచెప్పడం మానేసి నేర్చుకోవడం మొదలుపెట్టింది. కథ రాయకముందు ఎవరికీ చెప్పకూడదన్నారు మాస్టారు, చెబితే దాని వేడి చల్లారిపోతుందట. ఒంటరిగా బల్ల ముందు కూచుని రాయాలట. పిన్ని మా ముందుగదిలో బల్ల ముందు కూచునేది, రొయ్యలు అమ్మ ఒలిచేది. గంటలు గడిచేవి. కాగితం మీద ఒక్క అక్షరం ఉండేది కాదు. "బడిలో ఎక్కాలు రాని పిల్లల్ని కొట్టాను గదే, ఆ ఉసురు కొట్టింది" అని కళ్ళు తుడుచుకునేది. మొత్తానికి ఏడ్చి మొత్తుకుని రెండు పేజీలు పూర్తిచేసింది. చెప్పాపెట్టకుండా ఇల్లొదిలి పోయిన అన్నయ్యని వెతుక్కుంటూ ఊళ్ళు తిరిగే సుగుణ అనే అమ్మాయి కథ. ఆఖర్న అన్నయ్య దొరుకుతాడు, కాని అప్పటికే జబ్బు ముదిరిన సుగుణ అతని ఒళ్ళో తలపెట్టుకుని కన్నుమూస్తుంది. "ఇదమ్మా ముగింపంటే!" అని మాస్టారు అందరికీ చదివి వినిపించారు. ఎడిటరుగారు సరేనన్నారు. ఆఖర్న ఏమవుతుందో అమ్మతో కూడా అనొద్దని పిన్ని నా దగ్గర మాట తీసుకుంది.

సీరియల్ మొదలై రెండు నెలలు కాకుండానే అమ్మకి కడుపులో నొప్పి పట్టుకుంది. వాయువనుకుని వాము నమిలించాం, సోడా తాగించాం. అన్నం చూస్తే మొహం తిప్పుకునేది. నాన్న రైల్వేలో గార్డు, ఇంట్లోకంటే లైను మీదే ఎక్కువుండేవారు. పిన్ని బడికి సెలవు పెట్టొచ్చి, మా మిషన్ ఆసుపత్రిలో చేర్పించింది. ఆపరేషనన్నారు. పొద్దున్నే లోపలికి తీసుకెళ్ళి, మేము ప్రార్థనకి కూచుని కళ్ళు మూసుకుని తెరిచేలోపే బయటికి తీసుకొచ్చేశారు. ఇంత తొందరగా అయిపోయిందా అని నేను సంతోషపడ్డాను కూడాను. డాక్టరమ్మగారు మమ్మల్ని వరండాలోకి పిలిచి, "తెరిచి చూసి మళ్ళీ కుట్టేశామమ్మా. లోపలంతా పాకిపోయింది. ఇంటికి తీసుకెళ్ళినా ఒకటే, ఇక్కడుంచినా ఒకటే. ప్రార్థన చెయ్యండి" అన్నారు. ఆవిడ చేతిలో ఇంకేమన్నా ఉంటే ప్రార్థన మా మీదికి నెట్టేది కాదు. పిన్ని వరండా స్తంభం పట్టుకుని అలాగే కిందికి జారి కూలబడింది. ఏడవలేదు. "దానికి తెలీకూడదు" అంది, అంతే. నాకప్పుడు దేవుడి మీద వచ్చిన కోపం ఇన్నేళ్ళ చర్చి కూడా పూర్తిగా పోగొట్టలేదు.

ఆడవాళ్ళ వార్డులో అమ్మది కిటికీ పక్క మంచం. ఆ పక్కన నాగాయలంక నుంచి వచ్చిన చేపలమ్ముకునే ముసలమ్మ, కాలు విరిగి సిమెంటు కట్టుతో ఉండేది. పత్రిక రాగానే నేను పైకి చదివేదాన్ని, వార్డు మొత్తం వినేది. ఒక మధ్యాహ్నం సుగుణ ఎవరిదో తలుపు తట్టినచోట "సశేషం" అని ఆపేశాను. అమ్మ ఉసూరుమని, తర్వాత పిన్ని వంక చూసి నవ్వేసి, "అబ్బ, ఎంత ఊరిస్తావే! నీ సీరియల్ అయ్యేదాకా నేనెక్కడికీ పోనులే. ఆ డాక్టరమ్మగారితో కూడా చెప్పు" అంది. మేము చెప్పకపోతే మాత్రం అమ్మకి తెలియదా! తన కడుపు సంగతి తనకి తెలిసే ఉంటుంది. అందరూ నవ్వారు. పిన్ని మాత్రం సగం ఒలిచిన బత్తాయి చేతిలో పట్టుకుని అమ్మ మొహంలోకే చూస్తూ ఉండిపోయింది. మెట్లు దిగుతుంటే నా జబ్బ గట్టిగా పట్టుకుని, "విన్నావుగదే? మాటిచ్చింది" అంది. సరదాగా అంది పిన్నీ అన్నాను. "మీ అమ్మ మాటిస్తే తప్పదే. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను, ఎప్పుడూ తప్పలేదు" అంది. పిల్లలకి సైన్సు పాఠాలు చెప్పే మనిషి! నాకు భయమేసింది. కాని డాక్టర్లు వదిలేసిన తర్వాత ఆవిడకి పట్టుకోవడానికి దొరికింది ఆ ఒక్క మాటే, దాన్ని లాగేసుకోవడం నావల్ల కాలేదు.

మాస్టారు మెచ్చుకున్న ప్లాను ప్రకారం సుగుణ మంగళగిరి వెళ్ళి, బట్టల వ్యాపారి దగ్గర అన్నయ్య ఆచూకీ తెలుసుకోవాలి. అక్కణ్ణుంచి కథ కొండ దిగడమే, మహా అయితే నెలరోజుల్లో చచ్చిపోవాలి. పిన్ని సుగుణని మంగళగిరి బస్సెక్కించింది. బస్సు బ్యారేజీ మీద ఆగిపోయింది. వారమంతా కృష్ణ నీళ్ళు, గేట్లు, బస్సులో ఒకావిడ బుట్టలో కోడిపిల్లలు. పై వారం బస్సు కదిలింది. మంగళగిరిలో ఎండకి తాళలేక సుగుణ ఒక నేతాయన ఇంటి అరుగు మీద కూచుని మంచినీళ్ళడిగింది. ఆయన భార్య "పొయ్యి మీద పప్పు మాడిపోతోంది, ఈ మగ్గం దగ్గర కాస్త కూచోమ్మా, పిల్లి దారాలు లాగేస్తది" అని లోపలికి పోయింది. సుగుణ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూచుంది. ఇంక లేవలేదు.

పిన్ని బల్లముందు కూచోవడం మానేసింది. అమ్మ మంచం మీద కాళ్ళవైపు కూచుని, ఆ కాళ్ళు ఒత్తుతూ, మళ్ళీ నోటితో చెప్పడం మొదలుపెట్టింది. నేను స్టూలు మీద కూచుని రాసేదాన్ని. ముందు అమ్మ వినేది, తర్వాత పత్రికలో జనం చదివేవారు. పిన్ని జన్మలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. నేత వీధిలో పొద్దున్నే రోడ్డు పొడవునా సాగదీసిన నూలు, గంజి వాసన, అత్తాకోడళ్ళ పోట్లాటలు, మగ్గం చప్పుడు ఆగితే ఇంట్లో ఎవరికో ఏదో అయిందని పక్కింటివాళ్ళు పరిగెత్తుకు రావడం. అవన్నీ ఆవిడకెలా తెలుసో నాకిప్పటికీ తెలీదు. చెబుతున్నంతసేపూ మాత్రం, కథ ఎక్కడ ఆగిపోతుందో, ఆగితే ఏమవుతుందో అని ఆవిడకి ప్రాణంలో ప్రాణముండేది కాదు. అమ్మకి గుక్కెడు గంజి దిగని రోజుల్లో ఒకసారి, "ఆ నేతాయన పెళ్ళాం పప్పులో ఏమేసిందే?" అని అడిగింది. గోంగూరక్కా అంది పిన్ని. "ఎండుమిరపకాయలు కాల్చి వేసిందా, వేయించి వేసిందా?" అంది అమ్మ, కళ్ళు మూసుకుని. ఆ వారం సీరియల్ సగం గోంగూరపప్పే. పక్కమంచం ముసలమ్మ ఒక రోజు ఉండబట్టలేక, "ఆ పిల్లనింకా లేపలేదా టీచరమ్మగారూ? మగ్గానికేవన్నా కట్టేశారా ఏంటి?" అంది.

ఆ ప్రశ్నే ఎడిటరుగారూ అడిగారు. నేనూ పిన్నీ చెక్కమెట్లెక్కి వెళ్ళేసరికి ఆయన పాఠకుల ఉత్తరాల కట్ట ముందేసుకుని తల నిమురుకుంటున్నారు. "కొందరు గోంగూర బాగుందన్నారమ్మా, అబద్ధమెందుకు చెప్పాలి. కాని యజమానిగారు ఒప్పుకోవడం లేదు. కొత్త సీరియల్‌కి ప్రకటన కూడా వేసేశాం. మీ సుగుణని వచ్చేవారం లేపాలి" అన్నారు. పిన్ని "లేవదండి" అంది. "లేస్తే వాళ్ళన్నయ్య దొరుకుతాడండీ. దొరికితే చచ్చిపోతుందండీ" అంది. ఆయన మొహం విప్పారి, "ఓస్, అంతేనా! చంపకండి. పెళ్ళి చేసెయ్యండి, నేను మాస్టారితో మాట్లాడతాను" అన్నారు. "పెళ్ళి చేసినా అయిపోతుంది గదండీ!" అని పిన్ని ఆఫీసు దద్దరిల్లేలా ఏడ్చింది. కింద ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాళ్ళు మెట్ల దగ్గరకొచ్చి తొంగిచూశారు. ఆవిడ నోటివెంట ఆ పైన మాట రాలేదు, అమ్మ జబ్బు సంగతి నేనే చెప్పాను. ఎడిటరుగారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "నాకు చేతనైనన్ని వారాలు లాగుతానమ్మా" అన్నారు. పాపం, లాగారు కూడా. యజమానిగారి చేత మాటలు పడి ఉంటారు.

ఆ తర్వాత అమ్మకి నెత్తురు వాంతులు పట్టుకున్నాయి. బేసిన్లు మార్చడం, దుప్పట్లు మార్చడం, నర్సమ్మల వెంట పరిగెత్తడం తప్ప మాకింకో ధ్యాస లేదు. సీరియలూ లేదు, సుగుణా లేదు. పత్రికలో "అనివార్య కారణాల వల్ల ఈ వారం" అని రెండు ముక్కలు వేశారట, మేము చూడను కూడా లేదు. అమ్మ ఎలాగో తెప్పరిల్లింది. మాట బలహీనమైంది గాని కళ్ళు తెరిచి మనుషుల్ని గుర్తుపట్టింది. ఆ రోజు మధ్యాహ్నం నేనూ పిన్నీ క్యారియర్లో జావ పట్టుకుని వార్డు గుమ్మం దగ్గరకొచ్చేసరికి లోపల్నుంచి మాస్టారి గొంతు వినిపించింది.

ఆయన అమ్మ మంచం పక్కన స్టూలు మీద కూచుని ఉన్నారు. బల్ల మీద అరటిపళ్ళూ గ్లూకోజు బిస్కెట్లూ పెట్టారు. చేతిలో అచ్చువాసన కొడుతున్న పత్రిక. పిన్ని రాయలేని స్థితిలో ఉందని ఎడిటరుగారి ద్వారా తెలిసి, శిష్యురాలి పరువు పోకూడదని, ఆ రెండు పేజీల ప్లాను ముందు పెట్టుకుని మాస్టారే ముగింపు రాసిచ్చారు. పిన్ని పేరే వేయించారు. శ్రమ తనది, పేరు ఆవిడది! ఇవాళ అలా ఎవరు చేస్తారు? అంత మంచిమనిషి తన చేతులతో ఏం చేస్తున్నారో ఆయనకి తెలీదు. సీరియల్‌కీ అమ్మ ప్రాణానికీ పిన్ని వేసిన ముడి ఎడిటరుగారితో కూడా మేము అనలేదు, మాస్టారికెలా తెలుస్తుంది? "సుగుణ అన్నయ్య ఒళ్ళో తల వాల్చింది" అని గంభీరంగా చదువుతున్నారు. వార్డులో ప్రతి మంచం మీదా ఏడుపే. మాస్టారు నిజంగా బాగా రాశారు. నర్సమ్మ కూడా ట్రే పట్టుకుని నిలబడిపోయింది. "ఆమె కనురెప్పలు మరి తెరుచుకోలేదు. సమాప్తం" అని ఆయన పత్రిక మూశారు. పిన్ని చేతిలోంచి క్యారియర్ జారి, జావ నేలపాలైంది.

ఏడవనిది అమ్మొక్కతే. మాస్టారి వంక కాదు, గుమ్మంలో నిలబడిపోయిన పిన్ని వంక చూసి, "ఏమే, చచ్చిపోయిందేంటే?" అంది. పిన్ని పరిగెత్తుకెళ్ళి మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడి, "నేను రాయలేదక్కా! నా మీదొట్టు, నేను రాయలేదు" అంది. "తెలుసులే. నీకింత బాగా రాయడం ఎక్కడొచ్చు?" అంది అమ్మ. అని కాసేపు ఊపిరి కూడదీసుకుని, "మరి ఆ మగ్గం దగ్గర పిల్ల ఏం చేస్తోందో చెప్పు" అంది. మాస్టారు అయోమయంగా, "అది కుదరదమ్మా, సుగుణ మరణించింది కదా" అన్నారు. పక్కమంచం ముసలమ్మ ముక్కు చీదుకుని, "మీ సుగుణ సచ్చిపోయింది బాబూ. మా సుగుణ మగ్గం కాడుంది" అంది. మాస్టారు పిన్ని మొహంలోకి చూశారు. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆయనకెంత అర్థమైందో తెలీదు. పత్రికని మడిచి లాల్చీ జేబులో పెట్టుకుని, తల వంచుకుని అలాగే స్టూలు మీద కూచున్నారు. పిన్ని అమ్మ కాళ్ళు చేతుల్లోకి తీసుకుని చెప్పడం మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచీ నేను రాయలేదు. రాసి ఎవరికివ్వాలి? పిన్ని చెబుతూనే ఉండేది. పొద్దున చెప్పేది, మధ్యాహ్నం చెప్పేది, అమ్మ మగతలో ఉన్నా చెప్పేది. గొంతు బొంగురుపోయింది. అన్నం తినమంటే, ఆగితే ఎలాగే అనేది. నర్సమ్మలు ఈవిడకి మతి చలించిందని గుసగుసలాడుకున్నారు, వాళ్ళననాల్సిన పనిలేదు, నాకూ అదే భయం. అమ్మ ఎముకలగూడైంది. మందు పనిచేసినంతసేపు మూలుగు, మందు దిగాక ఏడుపు. నేను కిటికీ దగ్గర నిలబడి, ప్రభువా తీసుకుపో అని ఒకసారీ, తీసుకుపోవద్దు అని ఇంకోసారీ అడిగేదాన్ని. ఏదడిగినా తప్పే అనిపించేది.

చివరికి ఒక మధ్యాహ్నం అమ్మే అడిగింది. "చాల్లేవే. ఆ పిల్లనింక ఇంటికి పంపించు" అంది. పిన్ని "పంపించను" అంది. "నాకు నొప్పిగా ఉందే" అంది అమ్మ, చిన్నపిల్ల అన్నట్టు. "సీరియల్ అయ్యేదాకా పోనన్నావు. మాటిచ్చావు. నేనది అవనివ్వను" అంది పిన్ని, పళ్ళు బిగించి. అమ్మకి ముందు బోధపడలేదు. నేనెప్పుడన్నానే అంది. తర్వాత పిన్ని వంకే చాలాసేపు చూసింది. ఆ ఎండిపోయిన మొహంలో ఒక్కొక్కటిగా అర్థమవుతూ రావడం నాకు కనిపించింది, బ్యారేజీ మీద బస్సెందుకు ఆగిందో, పప్పులో గోంగూరెందుకు పడిందో. "ఇన్నాళ్ళూ అందుకా దాన్ని ఆ గుంటలో కూచోబెట్టావు? పిచ్చిమొహమా!" అంది. "దాని కాళ్ళు తిమ్మిరెక్కిపోయి ఉంటాయే. లెయ్యనివ్వు."

పిన్ని అమ్మ పాదాల మీద మొహం పెట్టుకుని ఏడ్చింది. వరండాలో ఏడవనిది, ఇన్ని నెలలు అమ్మ ముందు ఏడవనిది, అంతా అప్పుడే ఏడ్చింది. ముసలమ్మ గోడవైపు తిరిగింది. అమ్మ ఓపిగ్గా ఆగి, ఊఁ, చెప్పు అంది. పిన్ని కొంగుతో మొహం తుడుచుకుని, ఆ కాళ్ళే ఒత్తుతూ చెప్పింది. సుగుణ లేవబోతే కాళ్ళు నిలవలేదక్కా, నేతాయన పెళ్ళాం చెయ్యి పట్టుకుని లేపింది. ఇద్దరూ బస్టాండుకి నడిచారు. ఎండగా ఉందా అంది అమ్మ. లేదక్కా, మబ్బేసింది. బస్సొచ్చిందా అంది. వచ్చిందక్కా, ఎక్కింది. "మరి వాళ్ళన్నయ్య?" అంది అమ్మ. పిన్ని చేతులు ఆగిపోయాయి. ఆవిడకి తెలియదని నాకు తెలుసు. ఆ రెండు పేజీల్లో ఉన్నది ఆవిడ నోటితో చచ్చినా చెప్పదు, వేరేది ఆవిడ దగ్గర లేదు. "బస్సులో వెనకసీట్లో కూచుని ఉన్నాడక్కా" అంది పిన్ని, ఎప్పటికో. "దీన్నే వెతుక్కుంటూ ఇన్నాళ్ళూ ఊళ్ళు తిరుగుతున్నాడంట." అమ్మ నవ్వింది. నిజంగా నవ్వింది. "ఒకళ్ళకోసం ఒకళ్ళు తిరిగారన్నమాట, సన్నాసులు" అంది. "బస్సు కదిలిందా?" కదిలిందక్కా. "అయిపోయిందా మరి?" పిన్ని నా వంక చూసింది, నేనేదో అడ్డం పడతానన్నట్టు. నేను తల దించుకున్నాను. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప వార్డులో ఏమీ లేదు. "అయిపోయిందక్కా" అంది పిన్ని.

అమ్మ మర్నాడు పొద్దున, డాక్టరమ్మగారు రౌండ్సుకి రాకముందే పోయింది. సమాధి చేసేటప్పుడు మాస్టారు అందరికంటే వెనక నిలబడ్డారు. పిన్ని ఆయనకి దణ్ణం పెట్టింది, ఆయన పిన్నికి దణ్ణం పెట్టారు. ఆ తర్వాత పిన్ని బడికెళ్ళింది, పిల్లలకి పాఠాలు చెప్పింది, రిటైరై నా దగ్గరికే వచ్చి ఉంది. రొయ్యలు ఒలిచింది, చింతపండులో గింజలు తీసింది, దుప్పట్లు మడతేసింది. అన్నీ నోరు మూసుకునే చేసింది. ఎన్నో ఏళ్ళకి ఒకసారి ధైర్యం చేసి, ఒక్క కథైనా చెప్పకూడదా పిన్నీ అన్నాను. "మొదలుపెడితే ముగించాలి గదే. నా నోటితో ఒకసారి ముగించాను, చాలు" అంది. ఇప్పుడు ఆవిడా లేదు. నేను ఇద్దరికంటే ముసలిదాన్నయ్యాను. పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం, మనవలు, ఇన్నేళ్ళూ ఒకెత్తు. ఆ మధ్యాహ్నం అయిపోయిందా అని అమ్మ అడిగాక, అయిపోయిందక్కా అనడానికి పిన్నికి పట్టిన ఆ కాసేపూ ఒకెత్తు.